తుపాను ఒకచోట, ఉప్పెన మరోచోట

శ్రోతలకు నమస్కారం.

వాయుగుండం పడిందన్న వార్త వినగానే తీరంలో అందరూ అడిగే మొదటి మాట ఒకటే: ఎక్కడ దాటుతుంది? మన ఊరు కాదని తెలిస్తే సగం టెన్షన్ తగ్గిపోతుంది. ఆ ఊరటే నాకు భయం.

1977 నవంబర్ 19న తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయింది మాత్రం దివిసీమలో, అక్కడికి సుమారు 60 కిలోమీటర్ల దూరాన. దాదాపు 5 మీటర్ల ఎత్తున లేచిన నీళ్లు నాగాయలంక, కోడూరు వైపు పల్లెల మీద పడ్డాయి. వేల మంది పోయారు.

ఎందుకలా జరిగింది? బంగాళాఖాతంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. తుపాను నడిబొడ్డు చీరాల దగ్గరుంటే, దానికి తూర్పున ఉన్న దివిసీమ మీదికి గాలి దక్షిణం నుంచి, అంటే సముద్రం మీది నుంచి వస్తుంది. అదే సమయంలో ఒంగోలు వైపు గాలి నేల మీది నుంచి సముద్రంలోకి వీస్తుంది. ఒక పక్క నీటిని ఊళ్ల మీదికి తోస్తుంది, రెండో పక్క వెనక్కి నెడుతుంది. మన తీరంలో తుపాను దారికి కుడిపక్కన ఉన్నవాళ్లకే ఉప్పెన ముప్పు ఎక్కువ.

ఈ తోపుడునే కంప్యూటర్ లెక్క కడుతుంది. సముద్రాన్నీ తీరాన్నీ త్రికోణాలుగా విడగొడతారు. నడిసముద్రంలో పెద్దవి, ఒడ్డుకు వచ్చేకొద్దీ చిన్నవి. ఒక్కో త్రికోణంలో లోతెంత, గాలి ఎటు తోస్తోంది, పక్కదాని నుంచి ఎంత నీరొచ్చింది అన్నది క్షణాల తేడాతో మళ్లీ మళ్లీ లెక్కిస్తారు. గాలి పీడనం ఒక మిల్లీబార్ పడిపోతే నీటిమట్టం సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది. తీవ్రమైన తుపానులో కూడా ఆ లెక్కన మీటరు దాటడం అరుదు. మిగతాదంతా గాలి తోసుకొచ్చే నీరే. ఒడ్డు దగ్గర లోతు తక్కువైతే ఆ నీరు అడుగు నుంచి వెనక్కి పోలేక పైకి లేస్తుంది. విశాఖ దగ్గర సముద్రం త్వరగా లోతెక్కుతుంది. 2014లో హుద్‌హుద్ గాలి ఆ నగరాన్ని అతలాకుతలం చేసినా, అక్కడ నమోదైన ఉప్పెన సుమారు 1.4 మీటర్లే.

మన దేశంలో ఈ పని కొత్తది కాదు. బంగాళాఖాతం ఉప్పెనల మీద వాతావరణ శాస్త్రవేత్త పి.కె. దాస్ 1972లోనే ఒక గణిత నమూనా ప్రచురించారు. తర్వాత ఢిల్లీ ఐఐటీలో దాన్ని ముందుకు తీసుకెళ్లారు. ఇవాళ హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఉప్పెన అంచనాలు తయారు చేస్తోంది. సముద్రానికి అంత దూరాన కూర్చుని మన రేవుల్లో నీరు ఎంత లేస్తుందో ముందే చెప్పగలగడం నాకిప్పటికీ అద్భుతంగానే ఉంటుంది.

నీరు ఒడ్డెక్కాక మాత్రం లెక్క కష్టమవుతుంది. అప్పుడు నేల ఎత్తు తెలియాలి. ఉపగ్రహం నుంచి కొలిచిన ఎత్తుల్లో మడచెట్ల తలలు, ఇళ్ల పైకప్పులు కూడా నేలగా లెక్కలోకి వచ్చే ప్రమాదం ఉంది. సముద్రమట్టానికి రెండు మీటర్ల ఎత్తున్న పల్లెను నాలుగు మీటర్లుగా చూపిస్తే మ్యాపులో ఆ ఊరు పొడిగా కనిపిస్తుంది. కరకట్ట ఎక్కడ తెగి ఉందో, రొయ్యల చెరువు గట్టు ఎంత ఎత్తో, మురుగుకాలువ ఎటు తెరుచుకుందో స్థానికులకే బాగా తెలుసు. ఆ వివరాలు కూడా నమూనాలోకి ఎక్కాలని నా కోరిక.

తుపాను దారి ముందురోజు కూడా పదుల కిలోమీటర్లు అటూ ఇటూ మారుతుంది. అందుకే ఒకే దారికి కాక, పక్కపక్కన చాలా దారులకు ఉప్పెనను లెక్కగట్టి చూడాలి. 1977 తుపానునే కంప్యూటర్లో కాస్త ఉత్తరానికి జరిపి, మచిలీపట్నం అవతల దాటించారనుకోండి. అప్పుడు దివిసీమ ఎడమపక్కకు వస్తుంది. గాలి నేల మీది నుంచి వీస్తుంది, అక్కడి ఒడ్డున నీరు వెనక్కి తగ్గుతుంది. ఉప్పెన ముప్పు మచిలీపట్నానికి ఉత్తరాన ఉన్న ఊళ్లకు మారుతుంది.