ఒకే తొడుగులో అనేక తీగలు

అందరికీ నమస్కారం.

కేబుల్ తొడుగు లోపల విడిగా ఇన్సులేషన్ ఉన్న ఒక్కో తీగని కోర్ అంటాం. కరెంటు పారుతున్న రెండు కోర్ల కేబుల్ చుట్టూ క్లాంప్ మీటర్ (తీగను కోయకుండా చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటర్) పెట్టి చూడండి. లోపల 10 ఆంపియర్లు పారుతున్నా మీటర్ సున్నా చూపిస్తుంది. మీటర్ పాడైందని కంగారు పడక్కర్లేదు. ఫేజ్‌లో వెళ్లిన కరెంటే న్యూట్రల్‌లో తిరిగొస్తోంది. రెండింటి అయస్కాంత క్షేత్రాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. సున్నా రాలేదంటే కరెంటు ఎక్కడో భూమిలోకి లీకవుతోందన్న మాట. షాక్ నుంచి మనల్ని కాపాడే ఆర్‌సీసీబీ అనే స్విచ్ పనిచేసేది కూడా ఈ లెక్క మీదే.

చాలా తీగల్ని ఒకే తొడుగులో పెట్టేది లాగడానికి వీలుగా ఉంటుందనే అనుకుంటాం. అదీ నిజమే. కానీ పక్కపక్కన ఉండటం వల్ల ఆ తీగలు ఒకదానికొకటి చేసే మేలు ఇంకా పెద్దది. త్రీఫేజ్‌లో లోడు సమానంగా ఉంటే మూడు కరెంట్ల మొత్తం ప్రతి క్షణం సున్నాయే. అందుకే మూడు కోర్లూ కలిసి ఉన్న కేబుల్‌కి ఉక్కు ఆర్మర్ (దెబ్బలు తగలకుండా చుట్టే లోహపు కవచం) నిశ్చింతగా వేస్తారు. సింగిల్ కోర్ ఏసీ కేబుల్‌కి అదే ఉక్కు చుడితే క్షేత్రాన్ని రద్దు చేసే తోడు లోపల ఉండదు, ఆర్మర్ వేడెక్కుతుంది. దానికి అల్యూమినియం ఆర్మర్ వాడతారు. ప్యానెల్ ఉక్కు ప్లేటులో ఒక్కో సింగిల్ కోర్‌కి ఒక్కో రంధ్రం చేసినా ఇదే ఇబ్బంది.

సిగ్నల్ కేబుళ్లలో ఈ తోడు మరింత ముచ్చటగా పనిచేస్తుంది. టెలిఫోన్ తీగల జంటను మెలితిప్పే పద్ధతికి గ్రాహంబెల్ 1881లో పేటెంట్ పొందాడు. మెలితిప్పితే బయటి నాయిస్ (సిగ్నల్‌లో కలిసే అనవసరపు అలజడి) రెండు తీగల మీదా దాదాపు ఒకేలా పడుతుంది. అవతలి పరికరం రెండింటి మధ్య తేడాను మాత్రమే చదువుతుంది కాబట్టి నాయిస్ పోయి సిగ్నల్ మిగులుతుంది. మనం రోజూ వాడే లాన్ కేబుల్‌లో 8 తీగలు, 4 జంటలు. ఒక్కో జంటకి మెలిక బిగువు వేరు. అన్నీ ఒకేలా తిప్పితే పక్క జంటల సిగ్నళ్లు ఒకదాంట్లోకి ఒకటి చొరబడతాయి. కనెక్టర్ వేసేటప్పుడు మెలిక 13 మిల్లీమీటర్లకు మించి విప్పొద్దనేది అందుకే. దయచేసి ఆ మాట పాటించండి.

కలిసి ఉంటే వేడి కూడా కలుస్తుంది. పీవీసీ ఇన్సులేషన్ మామూలుగా 70 డిగ్రీలు, ఎక్స్‌ఎల్‌పీఈ అనే మరో రకం ప్లాస్టిక్ ఇన్సులేషన్ 90 డిగ్రీల సెల్సియస్ దాకా ఓర్చుకుంటాయి. ఒకే తొడుగులో లోడున్న కోర్లు పెరిగేకొద్దీ ఒక్కో కోర్ మోయగల కరెంటు తగ్గుతుంది.

చివరగా మూడున్నర కోర్ కేబుల్ సంగతి. మూడు ఫేజులకూ పూర్తి సైజు కోర్లు, న్యూట్రల్ మాత్రం దాదాపు సగం సైజు. మోటార్ల కాలంలో అది సరిపోయింది. కంప్యూటర్లు, ఎల్‌ఈడీ దీపాలు మూడో హార్మోనిక్‌ని, అంటే సరఫరాకి మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ ఉన్న కరెంటుని పుట్టిస్తాయి. 50 హెర్ట్జ్ సరఫరాలో అది 150 హెర్ట్జ్. మూడు ఫేజుల్లోని ఈ కరెంట్లు న్యూట్రల్‌లో కొట్టేసుకోవు, కూడుకుంటాయి. సగం సైజు న్యూట్రల్ కాగిపోతుంది. ఆ లోడులున్న చోట నాలుగో కోర్ పూర్తి సైజుదే అడగండి, కొన్నిచోట్ల అంతకన్నా పెద్దదే కావాలి. ఇప్పటికే మూడున్నర కోర్ వేసి ఉంటే, పూర్తి లోడు మీద క్లాంప్ మీటర్ ఒక్క న్యూట్రల్‌కే పెట్టి చూడండి, అది మోయగలిగినదానికన్నా ఎక్కువ కరెంటు పారుతోందేమో తెలుస్తుంది.