బెల్లు కొట్టిన పాప పిరికిదా? కామెంట్లు పెట్టినోళ్లూ, ఇటు రండి ఓసారి

ఆపండి. ఇక్కడే ఆపండి. 19వ సెకను. ఈ క్లిప్పు అందరూ చూసేసుంటారు, అయినా నాకోసం ఇంకోసారి చూడండి, ఎందుకంటే మీలో సగం మంది చూడాల్సింది చూళ్లేదు.

తెలీనోళ్లకి రెండు ముక్కల్లో చెప్తా. కాలవలో కుక్కపిల్ల పడిపోయింది, గట్టు మీద తల్లి కుక్క తిరుగుతోంది, తొమ్మిదేళ్లుంటాయేమో, స్కూల్ బ్యాగు తగిలించుకున్న ఓ పాప నిలబడి ఏడుస్తోంది. దిగలేదు. వెళ్లి పక్కనున్న ఇంటి బెల్లు కొట్టింది. దీనికి ఏమన్నారండీ మీరు? "ఏడ్చే బదులు దిగొచ్చుగా" అంట, "ఈ కాలం పిల్లలకి దమ్ము లేదు" అంట, ఒకాయనైతే "ఆ వయసులో మేమైతే దూకేసేవాళ్లం" అంట. దూకేసేవాడివే నాయనా, నేనూ దూకాను, చెప్తా ఆ సంగతి.

నా మాట ఒక్కటే, మళ్లీ మళ్లీ అదే చెప్తా, బోర్ కొడితే కొట్టనీండి: వీధి జంతువులకి సాయం చెయ్యాలంటే భయపడే పిల్లలే కావాలి. భయం తెలీని పిల్లాడు ఈ పనికి పనికిరాడు!

ఇదిగో తల్లి కుక్కని జూమ్ చేస్తున్నా. "తోక ఊపుతోంది బ్రో, ఫ్రెండ్లీగానే ఉంది" అన్నారు కదా. అయ్యా మహానుభావా, ఆ తోక పైకి లేచి కర్రలా బిగుసుకుపోయుంది, కొస ఒక్కటే ఊగుతోంది, ఒళ్లంతా బిర్రుగా ఉంది, అది స్నేహం కాదు, ఇంకో అడుగేస్తే చూస్కో అని. ఒళ్లంతా వదిలేసి నడుముతో సహా ఊగిపోతే ఆ లెక్క వేరు. పాపకి ఇదంతా ఎవరూ చెప్పుండరు. కానీ చూడండి, బ్యాగు పట్టీ గట్టిగా పట్టుకుని మెల్లగా ఒకడుగు వెనక్కేసింది, పరిగెత్తలేదు, అరవలేదు, కుక్క కళ్లలోకి కళ్లు పెట్టలేదు. భయమే చేయించింది అదంతా! పిల్లలున్న తల్లి కుక్క దగ్గర సరిగ్గా అలాగే ఉండాలి.

ఇక మన హీరో సంగతి, అంటే నేను. నాకూ అప్పుడు తొమ్మిదో పదో. ఇలాగే గోడ సందులో కుక్కపిల్ల ఇరుక్కుంటే, నలుగురు ఫ్రెండ్స్ చూస్తున్నారని చెయ్యి పెట్టేశా. తల్లి వెనకనుంచొచ్చి పిక్క పట్టుకుంది. అసలు తప్పు అది కాదు. ఇంట్లో చెప్పలేదు నేను! తిడతారని ఒక భయం, బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లని ఇంకో భయం, రెండ్రోజులు ప్యాంటు కింద దాచుకుని తిరిగా. ఇప్పుడా బొడ్డు ఇంజెక్షన్లు లేవు, చేతికే వేస్తారు, పన్ను దిగి రక్తం వస్తే గాయంలోనూ దాని చుట్టూ ఇంకో మందు కూడా వేస్తారు, ముందు 15 నిమిషాలు సబ్బుతో ధారగా కడగాలి, మా అమ్మ చూసింది కాబట్టి నేనిక్కడ కూర్చుని వాగుతున్నా. రేబీస్‌తో ప్రపంచంలో ఏటా సుమారు 59 వేల మంది పోతున్నారని అంచనా, అందులో నూటికి 40 మంది 15 ఏళ్లలోపు పిల్లలే. లక్షణాలు మొదలయ్యాక ఇంచుమించు ఎవరూ బతకరు. "దూకేసేవాళ్లం" అన్న అంకుల్, మీకే చెప్తున్నా.

సరే, 19వ సెకనుకి రండి. గేటు ముందు నిలబడింది. చెయ్యి లేపింది... దించేసింది. మళ్లీ లేపింది, వేలు స్విచ్చి దాకా వెళ్లి వెనక్కొచ్చేసింది. కాలవలోంచి కుక్కపిల్ల మళ్లీ కుయ్యిమంది, అప్పుడు కళ్లు గట్టిగా మూసుకుని నొక్కింది. ఇదండీ నేను చూడమన్నది! కుక్క ముందు ధైర్యం కాదు, పెద్దాళ్ల ముందు ధైర్యం. ముక్కూమొహం తెలీని మనిషి చిరాగ్గా తలుపు తీసి "ఏంటి?" అంటాడని తెలిసీ నొక్కింది. ఆయన నిజంగానే అలాగే అన్నాడు. పాపకి మాట రాలేదు, కాలవ వైపు చెయ్యి చూపించింది. మనలో ఎంతమందిమి కొడతాం చెప్పండి ఆ బెల్లు? ఫోన్ తీసి షూట్ చేస్తాం, ఆ క్లిప్పు తీసినాయన చేసింది కూడా అదేగా!

తర్వాత ఆ పెద్దాయన చెక్క తెచ్చి కాలవలోకి ఏటవాలుగా వేశాడు, ఇద్దరూ దూరం జరిగారు, తల్లే దిగి పిల్లని నోట కరుచుకుని పైకొచ్చింది. పాప కుక్కపిల్లని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు, గమనించారా?

నిన్న ఆ క్లిప్పు తీసినాయనే నాకు ఇంకో క్లిప్పు పంపాడు. అదే గేటు, అదే బ్యాగు. గేటు బయట ఓ మూల నీళ్ల గిన్నె పెట్టుకోవచ్చా అని అడగడానికి వచ్చిందంట. ఈసారి బెల్లు ఒక్క దెబ్బకే కొట్టేసింది, అదీ రెండుసార్లు.