ఎదురుదెబ్బకు మాటుంది, పొరుగుకూతకు లేదు

(తెర చీకటిగా ఉంటుంది. కుక్కర్ కూత. కాస్త ఆగి ఇంకో కూత. అప్పుడు వంటిల్లు కనబడుతుంది.)

ఎన్ని విన్నారు? రెండు కదా. మా అమ్మ కూడా రెండే లెక్కపెట్టింది. అందులో ఒకటి మాది, ఇంకోటి గోడ అవతలిది.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. ఊరు దాటితే ఆంధ్రాలోని పాతపట్నం. మా వీధిలో ఇళ్లన్నీ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. మా వంటింటి గోడకు అటుపక్క ఒక ఒడియా కుటుంబం వంటిల్లు. పొద్దున్న ఎనిమిదిన్నరకు రెండిళ్లలోనూ కుక్కర్ ఎక్కుతుంది. వాళ్లది డాల్మా, మాది పప్పు. నాలుగు కూతలకు దించాలి. ఆ రోజు అమ్మ ఉల్లిపాయలు తరుగుతూ, వేళ్లు ముడుస్తూ, నాలుగూ లెక్కపెట్టి దించింది. మూత తీస్తే కందిపప్పు గింజకు గింజ విడివిడిగా ఉంది. గరిటెతో తిప్పితే గలగలమంది. నాలుగింట్లో రెండు వాళ్లవి.

దీనికి తెలుగులో మాట లేదు. కందిపప్పు మళ్లీ పొయ్యెక్కాక, ఆకలితో కూర్చుని మేం ఒకటి పెట్టుకున్నాం.

(తెర మీద పెద్ద అక్షరాలు. పొరుగుకూత: పక్కింటి కుక్కర్ కూతను మన లెక్కలో కలుపుకోవడం.)

ఈ వీడియో ఇలాంటి మాటల గురించి. రోజూ జరిగే చిన్న చిన్న చిరాకులకు సరదాగా మాటలు ఎలా పుట్టించాలి, వాటిలో ఏవి బతుకుతాయి, ఏవి సాయంత్రానికే పోతాయి. నేనేమీ భాషా పండితుణ్ని కాను. కాకపోతే పప్పు ఉడకని ఇంటివాణ్ని.

ముందు ఒక సంగతి. చిన్న కష్టాలకు తెలుగులో మాటలు తక్కువేం కాదు. అన్నం తింటుంటే మెతుకు అడ్డం పడి దగ్గొస్తుంది చూడండి, అది పొలమారడం. నెత్తి మీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నారని చెప్పేవాళ్లు పక్కన ఒకరుంటారు. మీటింగులో తల ముందుకు వాలి, ఉలిక్కిపడి లేచి, మళ్లీ వాలితే కునికిపాట్లు. కాలు మొద్దుబారితే తిమ్మిరి. నాకు వీటన్నింట్లో ఇష్టమైనది ఎదురుదెబ్బ. నడుస్తుంటే బొటనవేలు రాయికి తగులుతుంది కదా, అసలు ఎదురుదెబ్బ అదే. ఇప్పుడు పేపర్లో చూస్తే పార్టీలకూ ప్రభుత్వాలకూ కోర్టుల్లో ఎదురుదెబ్బలు తగులుతున్నాయి. బొటనవేలి నొప్పి అసెంబ్లీ దాకా వెళ్లింది. ఎవరు పుట్టించారో ఎవరికీ తెలియదు గానీ, గోరు ఊడినవాడెవడో అయ్యుంటాడు.

అంటే మన తాతముత్తాతలకు రాళ్లున్నాయి కాబట్టి రాళ్లకు సంబంధించిన మాటలున్నాయి. ప్రెషర్ కుక్కర్ లేదు కాబట్టి పొరుగుకూత లేదు. ఆ ఖాళీ నింపే పని మనది.

(తెర మీద పాత పుస్తకం అట్ట వెనక భాగం.)

ఈ పని అన్ని భాషలవాళ్లూ చేస్తారు. 1907లో జెలెట్ బర్జెస్ అనే అమెరికన్ హాస్య రచయిత తన పుస్తకం అట్ట మీద ఒక అమ్మాయి బొమ్మ వేయించి, ఆవిడకు బ్లర్బ్ అనే ఇంటిపేరు పెట్టాడు. అట్టల మీద పుస్తకాన్ని ఆకాశానికెత్తే పొగడ్తల మీద వెటకారం అది. ఇప్పుడు తెలుగు ప్రచురణకర్తలు కూడా 'బ్లర్బ్ ఎవరితో రాయిద్దాం' అని సీరియస్‌గా అడుగుతారు. అదే బర్జెస్ 1914లో ఇలాంటి మాటలు కుప్పగా పోసి ఒక నిఘంటువే వేశాడు. అందులో దాదాపు అన్నీ పోయాయి, బ్లర్బ్ ఒక్కటి నిలిచింది. ఎందుకంటారు? అట్ట వెనక రాతకు అప్పటిదాకా పేరు లేదు, రోజూ దానితో పని ఉంది. నవ్వు పుట్టించడం కాదు, పనికి రావడం దాన్ని బతికించింది.

మన దగ్గర మాటలు పుట్టించడం అనగానే అందరికీ గుర్తొచ్చేది 1957 నాటి మాయాబజార్, పింగళి నాగేంద్రరావు. అక్కడ ఒక్క కిటుకు చూసి ముందుకు పోదాం. అస్మదీయులు సంస్కృతంలో ఉన్న మాటే, మనవాళ్లు అని. మరి మనవాళ్లు కానివాళ్లు? తసమదీయులు. ఆ మాట సంస్కృతంలో లేదు. అయినా అర్థం చెప్పక్కర్లేదు, ఎందుకంటే దాని పక్కనే అసలుది నిలబడి ఉంది.

(కెమెరా వీధిలోకి. గుమ్మం దగ్గర ఇద్దరు దండం పెట్టుకుంటున్నారు.)

ఆ అచ్చులోనే మనమూ ఒకటి పోద్దాం. పెళ్లిలో ఎవరో చుట్టం దగ్గర సెలవు తీసుకుంటారు. 'ఉంటానండీ', 'వెళ్లొస్తా', 'పిల్లల్ని అడిగానని చెప్పండి', అన్నీ అయిపోతాయి. తీరా ఇద్దరూ ఒకే వైపు నడవాలి. ఇప్పుడేం మాట్లాడాలి? చెప్పాల్సినవన్నీ అయిపోయాయి. సందు చివర మళ్లీ ఒకసారి దండం పెట్టుకోవాలి. మొదటిది వీడుకోలు. రెండోది మళ్లీకోలు.

చూశారా, మీకు వెంటనే అర్థమైంది. తెలుగులో ఇలాంటి అచ్చులు బోలెడు. తిండిపోతు ఉన్నాడు కాబట్టి, ఇంటికి రాగానే కాళ్లు కూడా కడుక్కోకుండా ఫోన్ ఛార్జింగ్ కోసం గోడలన్నీ వెతికేవాడు ప్లగ్గుపోతు. కళ్లు నెత్తికెక్కాయని పొగరుబోతును అంటాం కాబట్టి, కళ్లజోడు తల మీద పెట్టుకుని ఇల్లంతా వెతకడం నెత్తికళ్లు. రెండోది మా నాన్నకు పెట్టింది. ఆయనకు నచ్చలేదు. నచ్చకపోవడం మంచి గుర్తే.

ఇక నా ఘోరమైన ఓటమి ఒకటి. ఫోన్ ఇంట్లో మర్చిపోయి బస్టాండు దాకా వెళ్లి, జేబు తడుముకునే క్షణానికి విస్మృతచరవాణి అని పెట్టాను. రెండు రోజులు కష్టపడ్డాను. ఒక్కరు కూడా పలకలేదు. మా చెల్లి, "అన్నయ్యా, ఆ మాట చెప్పే లోపు ఇంటికెళ్లి ఫోన్ తెచ్చుకోవచ్చు" అంది.

(తెర మీద తిరుగుతూ నెమ్మదిస్తున్న సీలింగ్ ఫ్యాన్.)

ఇప్పుడు గొడవ పెట్టే మాట. కరెంటు పోతుంది. ఫ్యాన్ వెంటనే ఆగదు. చివరి చుట్టు తిరిగేదాకా అందరం తలెత్తి దాన్నే చూస్తాం, చూస్తే గాలి కాస్త ఎక్కువసేపు వస్తుందన్నట్టు. దీనికి రెక్కాస్తమయం అన్నాను. మా తెలుగు మాస్టారు వెంటనే పట్టుకున్నారు. "రెక్క తెలుగు, అస్తమయం సంస్కృతం. సవర్ణదీర్ఘం ఎలా చేశావురా? ఇది వైరి సమాసం" అన్నారు. నిజమే. వ్యాకరణం ప్రకారం తప్పే. సూర్యుడికి చెప్పాల్సిన అంత పెద్ద మాటను మూడు రెక్కల ఫ్యాన్‌కు అతికించడంలోనే నవ్వుంది మాస్టారూ, అతుకు కనబడకపోతే నవ్వు పోతుంది అన్నాను.

ఆయన ఒప్పుకోలేదు గానీ, మా ఊళ్లో ఈ వాదన కొత్తేమీ కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పింది ఇక్కడే. జనం నోట్లో ఉన్న తెలుగే పుస్తకాల్లోనూ ఉండాలని ఆయన పోరాడారు. కొండల్లోని సవర భాష నేర్చుకుని, దానికి నిఘంటువు కూర్చారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిశాక రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజు మాస్టారు మైకులో వాడుక భాష గురించి అరగంట మాట్లాడతారు, పూర్తి గ్రాంథికంలో. దానికి కూడా ఒక మాట కావాలి. ఇంకా దొరకలేదు.

(తెర మీద స్టేషన్ బోర్డులు ఒక్కొక్కటీ జరిగిపోతుంటాయి.)

మాట కొత్తగా పుట్టించే ఓపిక లేకపోతే ఇంకో దారుంది. 1983లో ఇంగ్లండులో డగ్లస్ ఆడమ్స్, జాన్ లాయిడ్ అనే ఇద్దరు రచయితలు ఊరి పేర్లను తీసుకున్నారు. బోర్డుల మీద ఊరికే పడున్న పేర్లకు, పేరు లేని అనుభవాలను అంటగట్టారు. మాకూ ఒక రైలు మార్గం ఉంది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలుగా మొదలై, తర్వాత గుణుపూరు దాకా వెళ్లింది. ఇప్పుడది పెద్ద లైను. దాని మీద కూర్చుని మేం ఈ ఆట ఆడాం.

టెక్కలి: కొత్త చొక్కా వేసుకుని బయల్దేరినప్పటి నుంచి దాని మీద మొదటి సాంబారు చుక్క పడేదాకా ఉండే టెక్కు.

టెంబూరు: రైల్లో పక్కవాడి గురక, తంబురా శ్రుతిలో, మధ్యలో ఆగి మనల్ని కంగారు పెట్టేది.

గుణుపూరు: అప్పు అడగడానికి ముందు మన గుణగణాలను పొగిడే ఐదు నిమిషాలు. ("నీలాంటోడు ఈ రోజుల్లో ఎక్కడున్నాడ్రా" అన్నారంటే పర్సు భద్రం.)

ఈ ఊళ్లవాళ్లు కోప్పడొద్దు. మా ఊరి పేరుకూ ఎవరైనా ఒక అర్థం పెట్టండి, తీసుకుంటాం.

(బజారు. బకెట్లూ తాళ్లూ వేలాడుతున్న దుకాణం.)

ఇంతవరకూ చెప్పినవి ఏ తెలుగు ఊళ్లో అయినా జరిగేవే. ఇక్కడివాళ్లకు మాత్రమే తగిలేవి రెండున్నాయి. నాకు ఇవే ఇష్టం.

మొన్న బావికి తాడు కొనడానికి వెళ్లాను. ముఖం కొత్త, కాబట్టి ఒడియాలో మొదలుపెట్టాను. "కేతే?" అన్నాను, ఎంత అని. ఆయన "పచాశ్ టంకా" అన్నాడు. "టికే కమ్ కరన్తు" అన్నాను, కాస్త తగ్గించమని. నా ఒడియా అంతంతమాత్రం. ఆయనది అంతకంటే తక్కువలా ఉంది, నా మాట సగం తెగిపోతే ఆయన ఇంకోలా అతుకుతున్నాడు. ఇద్దరం చెమటలు కక్కుతూ పావుగంట బేరమాడాం. ఈలోపు పై మేకు నుంచి ఇనుప బకెట్ జారి ఆయన పాదం మీద పడింది.

"ఓలమ్మో!" అన్నాడు.

నేను ఆయన్ని చూశాను. ఆయన నన్ను చూశాడు.

"మనోడివేటి బాబూ! ఇంతసేపూ సెప్పవేటి!"

ఇద్దరు తెలుగువాళ్లు, అవతలివాడు ఒడియా అనుకుని, ఒకరినొకరు ఒడియాతో హింసించుకోవడం. దీని పేరు ఒడియాట. సరిహద్దు జిల్లాల్లో ఉన్నవాళ్లు ఇప్పుడు తల ఊపుతున్నారని నాకు తెలుసు. దెబ్బ తగిలితే గానీ బయటపడని ఆట ఇది. ఎక్కాలు, తిట్లు, నొప్పి, ఈ మూడూ ఎవరికైనా సొంత భాషలోనే వస్తాయి. అన్నట్టు, తెలుగువాళ్లమని తేలాక బేరం మళ్లీ మొదటి నుంచి మొదలైంది. ఒక్క రూపాయి కూడా తగ్గలేదు.

రెండోది చెవికి సంబంధించినది. ఒడియాలో ఏఠి అంటే ఇక్కడ. మా వైపు, శ్రీకాకుళం వైపు తెలుగులో ఏటి అంటే ఏమిటి. మా చిన్నాన్న ఊరి నుంచి వచ్చి, స్టేషన్ దగ్గర ఆటో ఎక్కాడు. మా సందు మొదట్లో డ్రైవర్ బండి నెమ్మది చేసి, వెనక్కి తిరిగి, "ఏఠి?" అన్నాడు, ఇక్కడేనా అని. చిన్నాన్న తనను ఏమిటని అడుగుతున్నాడనుకున్నాడు. "ఏటీ లేదు, పోనీ" అన్నాడు. అతను పోనిచ్చాడు. తర్వాతి సందు దగ్గర మళ్లీ "ఏఠి?" చిన్నాన్నకు చిరాకేసి, "ఏటీ లేదన్నాను కదా!" అన్నాడు. అలా ఊరు చివర దాకా వెళ్లి, అక్కడ దిగి, ఎండలో సంచీ మోసుకుంటూ వెనక్కి నడిచి వచ్చాడు. గుమ్మంలోనే, "ఆ కుర్రోడు ఊరికే ఏటి ఏటి అంటాడేట్రా" అన్నాడు.

సముద్రానికి ఆటుపోట్లు. మాకు ఏటిపోట్లు.

(మళ్లీ మొదటి వంటిల్లు. పొయ్యి మీద కుక్కర్.)

మాట నిలిచిందో లేదో ఎలా తెలుస్తుందని చాలామంది అడుగుతారు. నేను చూసుకునేది ఒక్కటే. దాన్ని మనం చెప్పడం మానేసిన తర్వాత, మనం చెప్పనివాళ్లు ఎవరైనా, అర్థం అడగకుండా వాడారా? నా మాటల్లో ఈ పరీక్ష గట్టెక్కింది ఇప్పటికి ఒక్కటే. ఇదిగో, నిన్న పొద్దున్న ఈ వీడియో కోసం కుక్కర్‌ను షూట్ చేస్తున్నాం. మూడో కూత అయింది. అమ్మ మూడో వేలు ముడిచింది. అంతలో గోడ అవతల నుంచి పక్కింటావిడ ఒడియాలోనే కేకేసింది.

"అక్కా, పొరుగుకూత హెలా!"

హెలా అంటే అయింది అని. మేమిద్దరం ఎగిరి గంతేసినంత పని చేశాం. కెమెరా వదిలేసి గోడ దగ్గరికి పరిగెత్తాం, ఎక్కడ విన్నారు, ఎవరు చెప్పారు అని అడుగుతూ. ఆవిడ నవ్వుతూ ఏదో చెబుతోంది, వెనక రెండు కుక్కర్లూ కూస్తున్నాయి.

అమ్మ చటుక్కున ఆగి తన వేళ్ల వైపు చూసుకుంది. "ఒరే, ఇప్పుడు కూసింది మనదా, వాళ్లదా?"