మా ఇంటి పన్నులో సగానికి పైగా బడికే: ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్టు లెక్కలు

అందరికీ నమస్కారం. టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి మాట్లాడుతున్నాను. ఈ చుట్టుపక్కల ఇల్లు కొనాలనుకునే తెలుగువాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒక్కటే: "అక్కా, ఏ స్కూలు పరిధిలో కొంటే మంచిది? రేటింగ్ ఎంత?" రేటింగ్ సంగతి తప్పకుండా చెబుతాను. కానీ దానికన్నా ముందు, ఆ బడులను నడిపే డబ్బు ఎక్కడినుంచి వస్తుందో, దాన్ని ఎలా ఖర్చు పెట్టాలో ఎవరు నిర్ణయిస్తారో చెప్పాలి. మనవాళ్లు బడి చూసి ఇల్లు కొంటారు. ఆ బడి గురించి నిర్ణయాలు జరిగే చోట మాత్రం చాలా తక్కువగా కనిపిస్తారు. నన్ను ఎప్పటినుంచో బాధపెడుతున్న విషయం ఇది.

కెమెరా కాస్త దగ్గరికి తెస్తాను, ఈ కాగితం చూడండి. ఏటా అక్టోబరు ప్రాంతంలో వచ్చే ప్రాపర్టీ టాక్స్ బిల్లు. నాలుగు పేర్లు ఉన్నాయి: ఫ్రిస్కో నగరం, కొలిన్ కౌంటీ, కొలిన్ కాలేజీ, ఫ్రిస్కో ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్టు (ఇక్కడి ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థ). మొదటి మూడూ కలిపినా నాలుగోదాన్ని అందుకోవు. స్కూల్ డిస్ట్రిక్టు రేటు ప్రతి వంద డాలర్ల విలువకు ఒక డాలరు పైచిలుకు. సొంతంగా ఉంటున్న ఇంటికి స్కూలు పన్నులో 1,40,000 డాలర్ల మినహాయింపు ఉంది. 2023లో లక్ష చేశారు, 2025 నవంబరులో రాష్ట్ర ఓటర్లు ఇంకా పెంచారు. అంటే 6,00,000 డాలర్ల ఇంటికి మినహాయింపు పోగా 4,60,000 మీద పన్ను పడుతుంది. ఒక్క బడికే ఏడాదికి సుమారు 4,700 డాలర్లు. చాలా ఇళ్లలో ఈ మొత్తం లోను కిస్తీతో పాటే నెలనెలా కట్ అయిపోతుంది కాబట్టి బిల్లు తెరిచి చూసే అవసరమే రాదు. ఈసారి ఒక్కసారి తెరిచి చూడండి.

స్కూలు పన్ను మళ్లీ రెండు భాగాలు. ఒకటి నిర్వహణకు: టీచర్ల జీతాలు, బస్సులు, కరెంటు. రెండోది బాండ్ల అప్పు తీర్చడానికి: భవనాలు, మరమ్మతులు, కంప్యూటర్లు. బాండు డబ్బును జీతాలకు వాడటానికి చట్టం ఒప్పుకోదు. "కొత్త స్టేడియం కట్టడానికి డబ్బుంది కానీ టీచర్ల జీతం పెంచడానికి లేదా?" అని మన వాట్సాప్ గ్రూపుల్లో అడుగుతుంటారు. కోపం అర్థమవుతుంది. కానీ ఆ రెండూ వేర్వేరు ఖాతాలు, ఒకదానిలోది ఇంకోదానికి మళ్లించే వీలు లేదు.

ఇళ్ల విలువలు పెరిగి మనం ఎక్కువ పన్ను కడితే బడికి ఎక్కువ డబ్బు చేరుతుందని చాలామంది నమ్మకం. అలా జరగదు. ఒక డిస్ట్రిక్టుకు ఎంత అందాలో రాష్ట్రం ఒక సూత్రం ప్రకారం లెక్క కడుతుంది. మన స్థానిక పన్ను పెరిగినకొద్దీ రాష్ట్రం ఇచ్చే వాటా తగ్గుతుంది. సూత్రం కన్నా ఎక్కువ వసూలయ్యే డిస్ట్రిక్టుల నుంచి మిగులును రాష్ట్రమే వెనక్కి తీసుకుంటుంది. 1993 నుంచి ఉన్న ఈ పద్ధతిని ఇక్కడ "రాబిన్ హుడ్" అంటారు. పక్కనే ఉన్న ప్లేనో డిస్ట్రిక్టు ఏళ్లుగా అలా పెద్ద మొత్తాలు కడుతోంది. సూత్రంలో మూల మొత్తం ఒక్కో విద్యార్థికి 6,160 డాలర్లు. 2019లో పెట్టిన ఆ అంకె 2025 దాకా కదలలేదు. మధ్యలో కోవిడ్ వచ్చింది, ధరలు పెరిగాయి, బస్సు డీజిలు నుంచి బీమా దాకా అన్నీ పెరిగాయి. 2025లో శాసనసభ దాన్ని 55 డాలర్లు పెంచి 6,215 చేసింది. టీచర్ల జీతాలకు, ఇతర అవసరాలకు విడిగా డబ్బు ఇచ్చారు, అందుకు సంతోషమే. కానీ ఆరేళ్లు ఆగి మూల మొత్తానికి 55 డాలర్లు కలపడం న్యాయం కాదన్నది నా అభిప్రాయం.

ఇప్పుడు మన కుటుంబాలకు నేరుగా తగిలే విషయం. టెక్సాస్‌లో ఆ డబ్బు బడిలో పేరు నమోదైన పిల్లల సంఖ్యను బట్టి రాదు, సగటు హాజరును బట్టి వస్తుంది. రోజూ ఒక నిర్ణీత సమయంలో హాజరు తీసుకుంటారు. ఆ నిమిషానికి పిల్లవాడు లేకపోతే ఆ రోజు లెక్కలోకి రాడు. మూల మొత్తాన్ని బడి రోజులతో భాగించి చూస్తే ఒక్క పిల్లవాడికి రోజుకు ముప్పై అయిదు డాలర్లకు పైగా. డిసెంబరు సెలవులకు అటూ ఇటూ మూడు వారాలు కలిపి హైదరాబాదులో పెళ్లికి వెళ్లి వస్తే, ఒక బిడ్డ తరఫున బడి పోగొట్టుకునేది అయిదు వందల డాలర్లు దాటుతుంది. ఇద్దరు పిల్లలుంటే అంతకు రెట్టింపు. టీచరు జీతం మాత్రం ఆ మూడు వారాలకు తగ్గదు, బస్సు ఖర్చూ తగ్గదు.

పెళ్లికి వెళ్లొద్దని నేను అనను. తాతయ్య, అమ్మమ్మలు ఎదురుచూస్తుంటారు, టికెట్లు ఆ రోజుల్లోనే దొరుకుతాయి. కానీ ప్రయాణం తేదీలు ఖాయం చేసేముందు బడి క్యాలెండరు ఒకసారి పక్కన పెట్టుకోండి. క్లాసు రోజుల్లో 90 శాతం హాజరు లేకపోతే ఆ తరగతికి క్రెడిట్ ఇవ్వడానికి అడ్డంకి వస్తుందని రాష్ట్ర చట్టంలోనే ఉంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మతపరమైన పండుగ రోజుకు ముందే ఉత్తరం రాసి ఇస్తే ఆ గైర్హాజరును మన్నిస్తారు, డబ్బు లెక్కలో కూడా హాజరైనట్టే చూస్తారు. డాక్టరు దగ్గరికి వెళ్లి అదే రోజు చీటీతో తిరిగి వచ్చినా అంతే. కాబట్టి పండుగ రోజు బిడ్డను ఇంట్లో ఉంచుకుంటే ఊరుకోకండి, ఉత్తరం రాయండి.

ఇక మా డిస్ట్రిక్టు తీసుకున్న అతి పెద్ద నిర్ణయం. మేము ఇప్పుడు కారులో వెళ్తున్న దారిలోనే రెండు హైస్కూళ్లు దాటాం, గమనించారా? ఫ్రిస్కో డిస్ట్రిక్టులో 12 హైస్కూళ్లు ఉన్నాయి. పన్నెండోది పాంథర్ క్రీక్, 2022లో తెరిచారు. ఒక్కో హైస్కూలును సుమారు 2,100 మందికి మించకుండా ఉంచాలన్నది ఇక్కడి విధానం. కొంచెం తూర్పుకు వెళ్తే అలెన్ డిస్ట్రిక్టు సరిగ్గా దీనికి ఎదురు దారి పట్టింది: ఊరంతటికీ ఒకే భారీ హైస్కూలు, 18,000 మంది పట్టే 6 కోట్ల డాలర్ల స్టేడియం. ఒకే బడి ఉంటే ఒకే ఫుట్‌బాల్ జట్టు, ఒకే డిబేట్ జట్టు, ఆర్కెస్ట్రాలో మొదటి వయొలిన్ కుర్చీ ఒకటే. పన్నెండు బడులుంటే అవన్నీ పన్నెండు. నిదానంగా ఉండే పిల్ల, కొంచెం బెరుకున్న పిల్లవాడు కూడా ఎక్కడో ఒక జట్టులో చోటు సంపాదించుకుంటారు. మా ఎదురింటి అమ్మాయి తొమ్మిదో తరగతిలో నోరు విప్పేది కాదు, ఇప్పుడు బడి డిబేట్ జట్టులో మాట్లాడుతోంది. ఆ మార్పు చూసినందుకే ఈ విధానం మీద నాకు గౌరవం.

కానీ చిన్న బడులకు ఖర్చు ఎక్కువ. పన్నెండు భవనాలకు పన్నెండు మంది ప్రిన్సిపాళ్లు, పన్నెండు లైబ్రరీలు, పన్నెండు ఏసీ వ్యవస్థలు. ఊరు పరుగున పెరిగినన్నాళ్లు ఆ భారం తెలియలేదు. ఇప్పుడు ఇళ్ల ధరలు పెరిగి చిన్నపిల్లలున్న యువ దంపతులు ఉత్తరాన ప్రాస్పర్, సెలైనా వైపు వెళ్తున్నారు. ఇక్కడ పాత కాలనీల్లో పిల్లలు పెద్దవాళ్లై కాలేజీకి వెళ్లిపోయారు, తల్లిదండ్రులు ఆ ఇళ్లలోనే ఉన్నారు. పిల్లలు తగ్గితే హాజరు తగ్గుతుంది, హాజరు తగ్గితే డబ్బు తగ్గుతుంది. స్టేలీ మిడిల్ స్కూలును మూసేయాలని మా డిస్ట్రిక్టు బోర్డు నిర్ణయించింది. ప్లేనో డిస్ట్రిక్టు 2024లో నాలుగు బడుల మూసివేతకు ఓటు వేసింది.

ఈ ఖర్చు పెంచాలా వద్దా అన్నది చివరికి ఓటర్ల చేతిలోకే వస్తుంది. నిర్వహణ పన్ను ఒక హద్దు దాటించాలంటే ప్రజల ఓటు తప్పనిసరి. 2016 ఆగస్టులో ఫ్రిస్కో ఓటర్లు పెంపును తిరస్కరించారు. 2018 నవంబరులో 69 కోట్ల 10 లక్షల డాలర్ల బాండుతో పాటు పన్ను ప్రతిపాదననూ ఆమోదించారు. 2024 నవంబరులో మళ్లీ అడిగినప్పుడు వంద డాలర్లకు సుమారు మూడు సెంట్ల నిర్వహణ పన్ను పెంపు ఓడిపోయింది. 2019 చట్టం ప్రకారం స్కూలు బాండు ప్రతిపాదన ప్రతి ఒక్కదాని మీద, రేటు పెరిగినా పెరగకపోయినా, "ఇది ప్రాపర్టీ టాక్స్ పెంపు" అని పెద్ద అక్షరాల్లో ముద్రించాలి. ఓటు వేసే గదిలో మొదటిసారి ఆ వాక్యం చూసి చాలామంది వద్దని నొక్కేస్తారు. అందుకే ముందే చదువుకుని వెళ్లమంటాను. వద్దనుకుంటే వద్దనండి, కానీ దేన్ని వద్దంటున్నారో తెలిసి అనండి.

డిస్ట్రిక్టును నడిపేది ఏడుగురు ట్రస్టీల బోర్డు. మూడేళ్ల పదవీకాలం, జీతం లేదు. సూపరింటెండెంటును నియమించేది, బడ్జెట్ ఆమోదించేది, పన్ను రేటు ఖాయం చేసేది వీళ్లే. 2019లో గోపాల్ పొనంగి ఈ బోర్డుకు ఎన్నికయ్యారు. మన పేరు ఒకటి ఆ బల్ల దగ్గర కనిపించినప్పుడు ఎంత సంతోషించామో! బోర్డు సమావేశం ఎవరైనా వెళ్లి చూడవచ్చు. గుమ్మం దగ్గర పేరు, ఏ అంశం మీద మాట్లాడతారో రాసివ్వాలి. నేను వెళ్లిన ఒక సాయంత్రం, చీరమీద స్వెట్టరు వేసుకున్న ఒక పెద్దావిడ మైకు దగ్గరికి వచ్చి, మనవడు నడిచే దారిలో రోడ్డు దాటే చోట ఉన్న ఇబ్బంది గురించి మాట్లాడారు. కాగితం చేతిలో వణుకుతోంది, ఇంగ్లిష్ తడబడుతోంది. ఏడుగురూ తలెత్తి విన్నారు, ఒకరు రాసుకున్నారు. మాట్లాడటానికి పౌరసత్వం అవసరం లేదు. హెచ్ వన్ మీద ఉన్నవాళ్లు, గ్రీన్ కార్డు కోసం వేచి ఉన్నవాళ్లు పన్ను పూర్తిగా కడుతున్నారు, ఓటు మాత్రం లేదు. వాళ్లకు ఉన్న తలుపు ఈ మైకే. మన ఊళ్లలో జిల్లా పరిషత్ హైస్కూలు టీచరు జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది, ఇంటి పన్నుకూ దానికీ సంబంధం ఉండదు. అయినా విద్యాహక్కు చట్టం కింద బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. అంటే అడిగే హక్కు అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.

ఇక మీరు అడిగిన రేటింగ్. రాష్ట్ర విద్యా సంస్థ ప్రతి బడికీ, డిస్ట్రిక్టుకూ ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరం ఇస్తుంది. పరీక్ష మార్కులు, పిల్లల్లో ఏటికేడాది కనిపించే పురోగతి, వర్గాల మధ్య అంతరం, హైస్కూలు అయితే కాలేజీకి, ఉద్యోగానికి సిద్ధంగా ఉన్నవాళ్ల శాతం చూస్తారు. కాలేజీ సంసిద్ధతలో ఏ రావడానికి 60 శాతం చాలన్న గీతను 88కి పెంచడంతో డిస్ట్రిక్టులు కోర్టుకెళ్లాయి, రేటింగులు ఏళ్ల తరబడి ఆగి 2025లో బయటికి వచ్చాయి. అదే బడి, అదే టీచర్లు, గీత మారితే అక్షరం మారుతుంది. అందుకని ఒక్క అక్షరం చూసి ఇంటికి అడ్వాన్సు ఇవ్వకండి. పురోగతి భాగం విడిగా చూడండి, నాకు అన్నిటికన్నా నమ్మకం దాని మీదే.

ఇంకో లెక్క. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ 2026 నుంచి హైస్కూల్లో మొదటి 5 శాతంలో ఉన్నవాళ్లకే నేరుగా ప్రవేశం ఇస్తుంది. 2,100 మంది బడిలో ఒక తరగతికి సుమారు 525 మంది, అందులో 5 శాతం అంటే 26 మంది. చదువులో గట్టి పిల్లలంతా ఒకే బడికి చేరితే ఆ 26 చోట్ల కోసం పోటీ ఎలా ఉంటుందో ఊహించండి. అత్యుత్తమ రేటింగ్ ఉన్న బడి మీ బిడ్డకు అత్యుత్తమం కాకపోవచ్చు.

ట్రస్టీల ఎన్నిక సాధారణంగా మే నెల మొదటి శనివారం. పౌరసత్వం వచ్చినవాళ్లు ఓటరుగా నమోదు కావాలంటే టెక్సాస్‌లో ఇంటర్నెట్‌లో నాలుగు వివరాలు నింపితే సరిపోదు. ఫారం మీద సంతకం చేసి కౌంటీ కార్యాలయానికి పోస్టులో పంపాలి, లేదా స్వయంగా ఇవ్వాలి, అదీ ఎన్నికకు కనీసం 30 రోజుల ముందు. నా దగ్గర ఖాళీ ఫారాలు ఒక కట్ట ఉన్నాయి. ఈ శనివారం ఉదయం మా కాలనీ పార్కులో, పిల్లల ఊయలల పక్కన బల్ల దగ్గర ఉంటాను. ఫారం కావాలన్నా, పన్ను బిల్లు అర్థం కాలేదన్నా తీసుకుని రండి, కలిసి చూద్దాం.