మెట్ల కింది లూనా

సభాధ్యక్షులకు, గ్రంథాలయం పెద్దలకు, వెనక నిలబడ్డ ఇంజనీరింగ్ విద్యార్థులకు నమస్కారం. ముందు వరుస ఖాళీగా ఉంది, వచ్చి కూర్చోండి బాబూ.

పాత మోపెడ్‌ను ఇంట్లోనే కరెంటు బండిగా ఎలా మార్చుకోవాలో చెప్పమన్నారు. బయట వేపచెట్టు కింద ఉన్నది మా నాన్నగారి లూనా. లూనా 1972లో మన దేశంలో మొదలైంది. 50 సీసీ, టూ స్ట్రోక్. పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి. మాచవరం నుంచి గవర్నరుపేటలోని బడికి నాన్నగారు దాని మీదే వెళ్లేవారు. నెలాఖరున పెట్రోలు అయిపోతే పెడళ్లు తొక్కుతూ వచ్చేవారు. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయినా బండిని ఎవరినీ ఒక్క మాట అననిచ్చేవారు కారు. ఆయన పోయాక పదకొండేళ్లు అది మెట్ల కింద తుప్పుపట్టింది. పాత ఇనుము కొనేవాళ్లు బేరానికి వచ్చిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఇంజను, సైలెన్సరు విప్పేశాను. ఆటోనగర్‌లో వెనక రిమ్ముకు హబ్ మోటారు, అంటే చక్రం మధ్యలోనే ఉండి దాన్ని తిప్పే మోటారు, పెట్టించి, కొత్త స్పోకులు అల్లించాను. ఇంటి వెనక ఖాళీ స్థలంలో మొదటిసారి యాక్సిలరేటరు తిప్పితే చక్రానికి బదులు ఇరుసు తిరిగింది! తీగలు మెలిపడి తెగిపోయాయి. మోటారు చక్రాన్ని ఎంత బలంగా ముందుకు తిప్పుతుందో, ఇరుసును అంతే బలంగా వెనక్కి తిప్పబోతుంది. నట్టు ఒక్కటే ఆపలేదు. ఇరుసును ఫోర్కుకు పట్టి ఉంచే ఇనుప పట్టీ, టార్క్ ఆర్మ్, ఉండి తీరాలి. రాసుకోండి.

ఇంజను ఉన్నచోట బ్యాటరీ పెట్టె. 3.2 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులు 16 వరుసగా కలిపితే 51.2 వోల్టులు. 20 ఆంపియర్ అవర్లంటే దాదాపు ఒక యూనిట్ కరెంటు. నెమ్మదిగా నడిపితే 40 కిలోమీటర్లు.

బ్యాటరీ నుంచి మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసే కంట్రోలరు గురించి నాలుగు పేజీలు రాసుకొచ్చాను. వాటిని పక్కన పెడుతున్నాను, అధ్యక్షులు మన్నించాలి. 2022 ఏప్రిల్‌లో మన విజయవాడలోనే, పడకగదిలో ఛార్జింగ్‌కు పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక గృహస్థు చనిపోయారు. ఆ వార్త చదివేనాటికి నా బ్యాటరీ కూడా మంచం పక్కనే ఉంది. బయటికి మోసుకెళ్లి, పైన చుట్టిన నీలం ప్లాస్టిక్ కోసి చూశాను. ప్రతి సెల్లునూ కనిపెట్టి ఉండి, వోల్టేజి మితిమీరితే ఛార్జింగ్ ఆపే బీఎంఎస్ అందులో లేనే లేదు! ఉందని చెప్పి, డబ్బు తీసుకుని అమ్మారు. నా మనవరాలు ఆ గదిలోనే నిద్రపోయేది. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

అందుకే అడుగుతున్నాను, అమ్మా, మీలో ఎంతమంది ఇంట్లో ఛార్జింగ్ పెడుతున్నారు? చేతులెత్తండి. ఇన్ని చేతులా! ఈ రాత్రే బ్యాటరీని వరండాలోకి మార్చండి. బయటికి వెళ్లే దారికి అడ్డంగా మాత్రం పెట్టకండి. మన మే నెల ఎండలో తిరిగి వచ్చిన బండిని గంటసేపు చల్లారనివ్వండి. అందరూ పడుకున్నాక ఛార్జరు నడవకూడదు.

బాబూ, మీకొక మాట. మార్చిన బండిని రోడ్డెక్కించే ముందు రవాణా శాఖ అనుమతి కావాలి, ఆమోదం పొందిన కిట్టే వాడాలి. నా బండి ఇంకా ఆవరణ దాటలేదు. ఇక్కడికి కూడా ట్రాలీ ఆటోలోనే వచ్చింది. స్క్రూడ్రైవరు నా జేబులో ఉంది. పదండి, బ్యాటరీ పెట్టె విప్పి, ఆ తర్వాత పెట్టించిన బీఎంఎస్ ఎక్కడుందో, ఫ్యూజు ఎక్కడుందో చూపిస్తాను.