పై చెంచా, అడుగు చెంచా

(సైన్స్ ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం. నా గురించి చెప్పిన మంచి మాటలకు కృతజ్ఞతలు. ఇచ్చింది అరగంటే కాబట్టి నేరుగా పనిలోకి దిగుతాను.

ఈ బల్ల మీద మూడు గాజు గ్లాసులున్నాయి. మూడింటిలోనూ నీళ్లే. మొదటిదాంట్లో ఒక చెంచా ఉప్పు వేసి కలుపుతున్నాను. రెండోదాంట్లో సుద్దముక్క నూరిన పొడి. మూడోదాంట్లో మూడంటే మూడు పాలచుక్కలు. కలపడం అయింది. ఇక బల్లను ఎవరూ కదపకండి. వీటి దగ్గరికి మళ్లీ వస్తాం.

నాకిచ్చిన అంశం 'సజాతీయ, విజాతీయ మిశ్రమాల బోధన'. మనందరం ఏం చేస్తున్నాం? బోర్డు మధ్యలో ఒక గీత గీస్తాం. ఉప్పునీరు, గాలి, ఇత్తడి ఎడమవైపు. ఇసుక కలిసిన ఇనుపరజను, నూనె కలిసిన నీళ్లు కుడివైపు. భాగాలు కంటికి విడివిడిగా కనిపిస్తే విజాతీయం, కనిపించకపోతే సజాతీయం అని నోట్సు చెప్పేస్తాం. పిల్లలు బట్టీ పడతారు, మార్కులు వస్తాయి, పాఠం అయిపోతుంది. ఈ 'కంటికి కనిపిస్తే' అనే మాటతోనే నాకు పేచీ. ఎందుకో చెప్పాలంటే ఇంటి సంగతి ఒకటి చెప్పాలి.

చాలా ఏళ్ల కిందటి మాట. మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్లు. జ్వరం. డాక్టరు గారు తెల్లటి మందు రాసిచ్చారు, పూటకో చెంచా పొయ్యమన్నారు. కొలత దగ్గర నాకు పట్టింపు ఎక్కువ. సీసా కుదిపితే నురుగు వస్తుంది, నురుగుంటే చెంచా నిండినట్టు కనిపిస్తుంది కానీ మందు తక్కువ పడుతుంది. అందుకని సీసాను అసలు కదపకుండా, నెమ్మదిగా వంచి, చెంచాను కంటికి ఎదురుగా పెట్టుకుని, గీత వరకు సరిగ్గా పోసేవాణ్ణి. జ్వరం తగ్గలేదు. రెండో రోజూ తగ్గలేదు. రాత్రంతా తడిగుడ్డ వేస్తూ కూర్చున్నాం. మూడో రోజు పొద్దున కిటికీ దగ్గర నిలబడి సీసాను వెలుతురుకు ఎత్తి చూశాను. పైన పలచటి నీళ్లలాంటిది. అడుగున వేలెడు మందాన చిక్కటి తెల్లటి ముద్ద.

సీసా పట్టుకుని డాక్టరు గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన ఒక్కటే అడిగారు. "కుదిపి పోస్తున్నారా?" లేదన్నాను. "ఇన్నాళ్లూ పాపకు పైనీళ్లు తాగించారు. ఇప్పుడు ఈ అడుగుది పోస్తే మందు మోతాదు మించిపోతుంది. దీన్ని పక్కన పెట్టేసి కొత్త సీసా తీసుకోండి" అన్నారు. కొత్త సీసా కుదిపి పోశాక పాప కోలుకుంది.

మిత్రులారా, సరిగ్గా ఆ వారమే నేను తరగతిలో అవలంబనం గురించి, అంటే కరగని కణాలు ద్రవంలో తేలాడే మిశ్రమం గురించి చెప్పాను. 'కదపకుండా ఉంచితే కణాలు అడుగుకు చేరును' అని నోట్సు రాయించాను. పాఠం నా నోట్లోనే ఉంది, సీసా నా చేతిలోనే ఉంది, ఒకదానికొకటి తగల్లేదు. పాఠం చెప్పేవాడి ఇంట్లోనే అలా జరిగితే, మన దగ్గర చదువుకుని వెళ్లిన పిల్లలు రేపు తల్లిదండ్రులయ్యాక వాళ్ల ఇళ్లలో ఏం జరుగుతుంది? ఈ మాట చెప్పడానికే ఇవాళ వచ్చాను.

నా కన్ను ఆ మందును చూసి ఏమంది? అంతా ఒకే తెలుపు, కాబట్టి అంతా ఒకటే అంది. సజాతీయం అంటే అసలు అర్థం అది కాదు కదా. ఎక్కడి నుంచి తీసినా భాగాల నిష్పత్తి మారకూడదు. అందుకే నేను పిల్లలతో కన్ను పక్కన పెట్టి చెంచా పట్టుకోమంటాను. పై నుంచి ఒక చెంచా, అడుగు నుంచి ఒక చెంచా తీసి రెండు పళ్లేల్లో ఎండబెట్టమంటాను. ఉప్పునీళ్లయితే రెండు పళ్లేల్లోనూ ఒకే రకంగా తెల్లటి పొర మిగులుతుంది. సుద్దనీళ్లయితే ఒకదాంట్లో పొడి, ఇంకోదాంట్లో దాదాపు ఏమీ ఉండదు. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు, పాఠశాల గోడమీది ఎండ చాలు. ఒకసారి చేసిన పిల్ల ఇక మరిచిపోదు.

ఇప్పుడు ఎవరైనా లేచి, మరి పాల సంగతేమిటి అని అడగాలి. ఎవరూ అడగడం లేదు కాబట్టి నేనే అడుగుతున్నాను. అమ్మా, వెనక వరసలో మీరే, ఆ లైట్లు ఒక్క నిమిషం ఆపండి. కిటికీ తలుపులు కూడా వేసేయండి.

ఇది మామూలు టార్చి. ఉప్పునీళ్ల గ్లాసులోకి పక్క నుంచి వేస్తున్నాను. నీళ్లలో ఏమైనా కనిపించిందా? లేదు. ఇప్పుడు మూడు చుక్కల పాలు వేసిన గ్లాసు. చూశారా, వెలుగు బాట ఎలా గీత గీసినట్టు కనిపిస్తోందో! పక్క నుంచి చూస్తున్నవాళ్లకు కొంచెం నీలంగా ఉంటుంది. మీరు, సార్, ఇటు వచ్చి టార్చికి ఎదురుగా గ్లాసులోంచి చూడండి. నారింజ ఛాయ కనిపిస్తోంది కదా. పాలల్లోని సన్నటి కణాలు నీలి కాంతిని ఎక్కువగా పక్కలకు చెదరగొడతాయి. మిగిలిన ఎరుపు, పసుపు నేరుగా వస్తాయి. దీన్ని టిండాల్ ప్రభావం అంటాం.

లైట్లు వెయ్యండమ్మా.

ఈ పేరుకు కారణమైన శాస్త్రవేత్త టిండాల్ కన్నా ముందే, మరో శాస్త్రవేత్త మైకేల్ ఫారడే దీన్ని చూశాడు. 1857లో ఆయన బంగారాన్ని అతి సన్నటి కణాలుగా నీళ్లలో తయారు చేశాడు. నీళ్లు కెంపు రంగులో నిర్మలంగా ఉన్నాయి. ఎవరు చూసినా ద్రావణమే అనుకుంటారు. ఆయన కాంతి పుంజాన్ని పంపితే దారి కనిపించింది. ఆ సీసాల్లో కొన్ని లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ ఉన్నాయి, ఇప్పటికీ ఎర్రగానే ఉన్నాయి. 150 ఏళ్లు దాటినా పూర్తిగా అడుగుకు చేరలేదు. ఆ సీసాల మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఇలాంటివాటికి రసాయన శాస్త్రవేత్త థామస్ గ్రాహం 1861లో కొల్లాయిడ్ అని పేరు పెట్టాడు. మన పుస్తకాల్లో కాంజికాభం అంటున్నాం.

అయితే నా చెంచా ఇక్కడ ఓడిపోయిందా? పాలల్లో పై చెంచా, అడుగు చెంచా ఒకేలా ఉన్నా, వెలుగు బాట కనిపించింది కాబట్టి పాలు విజాతీయమే అంటున్నాం కదా. ఈ ప్రశ్న దగ్గరే ఆగి పిల్లలతో మాట్లాడాలి. చెంచాడు పాలల్లో కోట్ల కొద్దీ కొవ్వు బిందువులుంటాయి, అందుకే లెక్క సమంగా కనిపిస్తుంది. అదే చెంచా ఒక కొవ్వు బిందువంత, అంటే మిల్లీమీటరులో కొన్ని వెయ్యో వంతులంత ఉంటే? ఒకసారి ముంచితే అంతా కొవ్వు, ఇంకోసారి ముంచితే అంతా నీరు. ఉప్పునీళ్లలో తేడా పట్టుకోవాలంటే ఇంకా ఎన్నో రెట్లు చిన్నదిగా, ఉప్పు కరిగి విడిపోయిన విద్యుదావేశ కణాల, అంటే అయాన్ల స్థాయికి దిగాలి. ఎంత చెంచాతో తీశావు అన్నది చెప్పకుండా సజాతీయమా కాదా అన్న మాటకు అర్థం లేదు. ఇది చిన్నపిల్లలకు ఎక్కదు అంటారు కొందరు. ఎక్కుతుంది. నేను చెప్పి చూశాను.

పాల ప్యాకెట్ మీద 'హోమోజినైజ్డ్' అని ఉంటుంది. అంటే సజాతీయమే కదా సార్ అంటారు పిల్లలు. వాళ్ల తప్పేం లేదు, ఆ మాట అలా ఉంది. 1899లో ఫ్రాన్స్‌లో ఓగుస్త్ గోలాఁ పేటెంట్ తీసుకున్న యంత్రం పాలను ఎక్కువ ఒత్తిడితో సన్నటి సందులోంచి తోసి కొవ్వు బిందువులను చిదుపుతుంది. బిందువు వ్యాసం సగమైతే పైకి తేలే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే ఆ పాల మీద మీగడ తొందరగా కట్టదు. బిందువులు చిన్నవయ్యాయి, అంతే. మాయం కాలేదు. టార్చి వేస్తే వెలుగు బాట కనిపిస్తూనే ఉంటుంది.

గాలి గురించి, మిశ్రమలోహాల గురించి కూడా రాసుకొచ్చాను, సమయం లేదు. గాలికి ఒక్క మాట. శుభ్రమైన గాలి సజాతీయం. తలుపు సందులోంచి పడే ఎండలో దుమ్ము మెరుస్తుంటే అది కాదు.

ఇప్పుడు బల్ల మీది రెండో గ్లాసు చూడండి. కలిపినప్పుడు పాలలా ఉన్న సుద్దనీళ్లు పైన తేటపడ్డాయి. అడుగున తెల్లటి పొర పేరుకుంది. నేను ఆ రోజు కిటికీ దగ్గర చూసింది ఇదే.

చివరిగా మీ అందరినీ ఒకటి అడుగుతున్నాను. ఈసారి పరీక్షలో పాలు ఏ రకం మిశ్రమం అని అడిగితే, కింద 'నీకెలా తెలుసు?' అని ఇంకో ప్రశ్న వెయ్యండి, ఎక్కువ మార్కులు దానికే పెట్టండి. సజాతీయం అని రాసిన పిల్లవాడు 'పై చెంచా, అడుగు చెంచా ఎండబెట్టి చూశాను, ఒకేలా ఉన్నాయి' అని రాస్తే వాడికి సున్నా పెట్టకండి. దగ్గరికి పిలిచి చేతికి టార్చి ఇవ్వండి.