"రోజూ నడవండి" అంటే ఎంత? దీర్ఘకాలిక వ్యాధులకు వ్యాయామ ప్రిస్క్రిప్షన్, దాని వెనుక ఉన్న పోస్ట్ గ్రాడ్యుయేట్ శిక్షణ

[తెరపై: ఒక మందుల చీటీ. కెమెరా పై వరుస నుంచి మెల్లగా కిందికి దిగుతుంది.]

ఈ చీటీని ఒకసారి నిదానంగా చదువుదాం. మొదటి వరుసలో గ్లిమిపిరైడ్ 2 మిల్లీగ్రాములు, ఉదయం ఆహారానికి ముందు. రెండో వరుసలో మెటోప్రొలాల్ 50 మిల్లీగ్రాములు, ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. ప్రతి మందుకూ మోతాదు ఉంది, వేళ ఉంది, ఎన్నాళ్లు వాడాలో ఉంది. అన్నిటికన్నా అడుగున మాత్రం "రోజూ నడవండి" అని రెండే మాటలు ఉన్నాయి. ఎంతసేపు నడవాలో, ఎంత వేగంతో నడవాలో, ఏ లక్షణం కనిపిస్తే ఆగిపోవాలో, వచ్చే నెలకు ఎంత పెంచుకోవాలో ఆ చీటీలో ఎక్కడా లేదు.

ఆ రెండు మాటలను ఒక మోతాదుగా మార్చడం నేర్పే చదువు గురించే ఈ వీడియో. దీన్ని క్లినికల్ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ అంటారు. ఫిజియోథెరపీ, వ్యాయామ శాస్త్రం, నర్సింగ్, వైద్యం వంటి డిగ్రీలు పూర్తి చేసినవారు ఆ తరువాత సాధారణంగా ఒకటి, రెండు సంవత్సరాలు ఈ కోర్సు చదువుతారు. వీరిలో చాలామందికి వ్యాయామాలు ముందే తెలిసి ఉంటాయి. తెలియనిదల్లా, ఒకే మనిషిలో మూడు జబ్బులు, నాలుగు మందులు ఉన్నప్పుడు ఆ వ్యాయామం ఆ శరీరంలో ఎలా ప్రవర్తిస్తుందన్నదే.

[తెరపై: ఆసుపత్రి మంచం, పక్కన ఖాళీ కుర్చీ.]

ముందుగా విశ్రాంతి గురించి చెప్పుకోవాలి, ఎందుకంటే చాలాకాలం వైద్యం రోగికి ఇచ్చిన సలహా అదే. ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో గుండెపోటు వచ్చినవారిని వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు. 1952లో శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లౌన్ అనే వైద్యులు అలాంటి రోగులను రోజూ కొంతసేపు కుర్చీలో కూర్చోబెట్టవచ్చని చూపినప్పుడు, అది ఎంతో సాహసమైన చికిత్సగా కనిపించింది. ఆ మరుసటి ఏడాదే జెరెమీ మోరిస్ లండన్ బస్సు సిబ్బందిపై చేసిన పరిశోధన వెలువడింది. రోజంతా కూర్చుని బస్సు నడిపే డ్రైవర్లతో పోలిస్తే, రెండంతస్తుల బస్సు మెట్లు ఎక్కుతూ దిగుతూ టికెట్లు ఇచ్చే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా ఉందని ఆయన గమనించారు.

వీటన్నిటిలో విద్యార్థుల మనసులో బాగా నాటుకునే ప్రయోగం 1966లో డల్లాస్‌లో జరిగింది. ఇరవై ఏళ్ల ప్రాయంలో ఉన్న, ఆరోగ్యవంతులైన ఐదుగురు యువకులను మూడు వారాల పాటు మంచానికే పరిమితం చేసి చూస్తే, శ్రమ చేసేటప్పుడు వారి శరీరం గరిష్ఠంగా వాడుకోగలిగే ఆక్సిజన్ పరిమాణం నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తరువాత అదే ఐదుగురిని మళ్లీ పరీక్షించినప్పుడు, వయసు పైబడడం వల్ల వారిలో కలిగిన తగ్గుదల ఆ మూడు వారాల మంచం వల్ల కలిగినదానికన్నా ఎక్కువ లేదని తేలింది. దీన్ని విద్యార్థులకు మొదటి వారంలోనే చెప్పాలని నా అభిప్రాయం. రోగిని చూసి భయపడి "ఇప్పటికి విశ్రాంతి తీసుకోండి" అని పంపించేసే ప్రతిసారీ మనం ఒక మందు ఇస్తున్నామని, దానికీ దుష్ఫలితాలు ఉంటాయని వారికి అప్పుడే తెలియాలి.

[తెరపై: వారంలోని ఏడు రోజుల పట్టిక.]

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో విడుదల చేసిన మార్గదర్శకాలు పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమనూ, కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామాన్నీ సూచించాయి. దీర్ఘకాలిక వ్యాధులు ఉన్నవారికి కూడా అందులో సూచనలు ఉన్నాయి. అయితే ఇది జనాభా మొత్తానికి గీసిన గీత. పది నిమిషాలు నడిస్తే ఆయాసపడే మనిషికి 150 అనే అంకె చెప్పడం వల్ల ఒరిగేదేమీ ఉండదు. ప్రిస్క్రిప్షన్ అంటే ఆ మనిషి ఈ వారం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలగడం. అందుకే వారానికి ఎన్నిసార్లు, ఎంత తీవ్రతతో, ఎంతసేపు, ఏ రకం వ్యాయామం, మొత్తం ఎంత, ఎప్పుడు ఎంత పెంచాలి అనే ఆరు ప్రశ్నలకు విడివిడిగా జవాబు రాయడం విద్యార్థి నేర్చుకుంటాడు. వీటిలో తీవ్రతే అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. అది ఎందుకు కష్టమో మనం మొదట చూసిన చీటీతోనే తెలుసుకుందాం.

[తెరపై: మళ్లీ మొదటి చీటీ. పక్కన తెల్ల కాగితం, పెన్సిలు.]

ఆ చీటీ 62 ఏళ్ల స్త్రీది అనుకుందాం. ఆమెకు టైప్ 2 మధుమేహం, అధిక రక్తపోటు, మోకాళ్ల అరుగుదల ఉన్నాయి. కూర్చుని ఉన్నప్పుడు ఆమె గుండె నిమిషానికి 64 సార్లు కొట్టుకుంటోంది. మధ్యస్థ శ్రమ అంటే, విశ్రాంతిలోని గుండె వేగానికీ గరిష్ఠ వేగానికీ మధ్య ఉన్న తేడాలో 40 నుంచి 59 శాతం వరకు వాడుకోవడం. కొత్త విద్యార్థి 220 లోంచి వయసు తీసేసి గరిష్ఠం 158 అని రాస్తాడు. అందులోంచి 64 తీసేస్తే 94. దానిలో 40 శాతానికీ 59 శాతానికీ 64 కలిపి, నిమిషానికి 102 నుంచి 119 వరకు గుండె వేగం ఉండేలా నడవాలని చీటీ రాస్తాడు. లెక్కలో ఎక్కడా తప్పు లేదు.

కానీ రెండో వరుసలో ఉన్న మెటోప్రొలాల్ ఒక బీటా బ్లాకర్. అది గుండెను నెమ్మదిగా కొట్టుకునేలా చేస్తుంది, శ్రమలో కూడా వేగాన్ని పెరగనివ్వదు. మందు వేసుకునే వేళకే వేసుకుని, ఈసీజీ తీస్తూ ట్రెడ్‌మిల్‌పై పరీక్ష చేసినప్పుడు, ఇక చాలని ఆమె చెప్పే సమయానికి గుండె వేగం 116 దగ్గరే ఆగిపోయిందనుకుందాం. అంటే విద్యార్థి "మధ్యస్థం" అని రాసిన పై హద్దును ఆమె శరీరం ఎన్నటికీ చేరలేదు. కింది హద్దు అయిన 102 కూడా ఆమెకు వాస్తవంగా ఉన్న తేడాలో 73 శాతం దగ్గర ఉంది, అంటే తీవ్రమైన శ్రమ. సరైన గరిష్ఠంతో మళ్లీ లెక్క వేస్తే నడిచేటప్పుడు ఆమె గుండె వేగం నిమిషానికి 85 నుంచి 95 మధ్య ఉండాలని వస్తుంది. మొదటి చీటీ ప్రకారం నడిచి ఉంటే, ఆమె మూడు రోజుల్లో అలసిపోయి, నడక తన వల్ల కాదని మానేసేది, మనం ఆమెకు పట్టుదల లేదని అనుకునేవాళ్లం.

పరీక్ష చేసే సౌకర్యం లేనిచోట గునార్ బోర్గ్ రూపొందించిన స్కేలు ఆదుకుంటుంది. 6 నుంచి 20 వరకు ఉన్న అంకెల్లో తన శ్రమ ఎక్కడ ఉందో రోగే చెబుతాడు. 11 అంటే తేలిక, 13 అంటే కొంచెం కష్టం. ఆ మధ్యలో ఉంచమని చెబితే, గుండె వేగాన్ని మందు ఎంత అణిచినా, మనకు ఒక దారి దొరుకుతుంది. దీన్ని సరిగ్గా వివరించి అడగడానికే ఎంతో సాధన కావాలి. చాలామంది రోగులు డాక్టరును మెప్పించే అంకె చెబుతారు.

ఇక మొదటి వరుసకు వద్దాం. కండరం పని చేసేటప్పుడు ఇన్సులిన్‌తో నిమిత్తం లేకుండానే రక్తంలోని గ్లూకోజును లోపలికి తీసుకుంటుంది. మధుమేహానికి వ్యాయామం అంత గొప్పగా పనికిరావడానికి ఒక ముఖ్య కారణం ఇదే. వ్యాయామం ముగిశాక కూడా కొంతకాలం ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తుంది. ఈ ప్రభావం ఒకటి, రెండు రోజుల్లో తగ్గిపోతుంది కాబట్టి, వరుసగా రెండు రోజులకు మించి ఖాళీ వదలవద్దని రాస్తారు. కానీ గ్లిమిపిరైడ్ కూడా గ్లూకోజును తగ్గించే మందే. రెండూ కలిసినప్పుడు గ్లూకోజు ప్రమాదకరంగా పడిపోవచ్చు. అందుకని ఇన్సులిన్ లేదా ఇలాంటి మాత్రలు వాడేవారు వ్యాయామానికి ముందు పరీక్షించుకోవాలి, డెసిలీటరు రక్తంలో గ్లూకోజు 90 మిల్లీగ్రాములకన్నా తక్కువ ఉంటే కొంత పిండిపదార్థం తీసుకుని మొదలుపెట్టాలి.

ఇక్కడే రెండు వరుసలూ ఒకదానికొకటి అడ్డం వస్తాయి. గ్లూకోజు పడిపోయినప్పుడు చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. ఆ రెండు హెచ్చరికలనూ బీటా బ్లాకర్ కప్పేయగలదు. మిగిలేది చెమట. నడుస్తున్న మనిషికి చెమట పట్టడం మామూలే కదా! అది వ్యాయామపు చెమటో, గ్లూకోజు పడిపోతున్న చెమటో ఆమెకు తెలిసే వీలు లేదు. ఏ ఒక్క జబ్బు గురించి చదివినా ఈ సంగతి తట్టదు. రెండు మందులనూ, ఒక వ్యాయామాన్నీ పక్కపక్కన పెట్టి ఆలోచించే అలవాటు ఉన్నవారికే అది కనిపిస్తుంది. ఈ శిక్షణ ఇచ్చే అసలైన విద్య అదేనని నేను నమ్ముతాను.

[తెరపై: చీటీ అడుగున కొత్త వరుసలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి.]

కాబట్టి "రోజూ నడవండి" స్థానంలో ఇప్పుడు ఇలా ఉంటుంది. వారానికి ఐదు రోజులు, చదునైన నేలపై, రోజుకు రెండు విడతలుగా పదేసి నిమిషాల నడక. గుండె వేగం 85 నుంచి 95, బోర్గ్ స్కేలుపై 11 నుంచి 13. మొదలుపెట్టే ముందూ, ముగించాకా గ్లూకోజు పరీక్ష. వారంలో రెండు రోజులు కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం, ఊపిరి బిగబట్టకుండా, ఎనిమిదేసి సార్లు. మోకాలి నొప్పి కొద్దిగా పెరిగినా ఫరవాలేదు, కానీ మరునాటికి ఎప్పటి స్థాయికి రాకపోతే మోతాదు తగ్గించాలి. ఛాతీలో బిగువు, తల తిరగడం, అసాధారణమైన ఆయాసం ఉంటే వెంటనే ఆపి వైద్యులకు తెలియజేయాలి. మొదట నిమిషాలు పెంచాలి, ఆ తరువాతే వేగం. మెటోప్రొలాల్ మోతాదు మారితే గుండె వేగపు హద్దులను మళ్లీ లెక్కించాలి.

ఇతర వ్యాధుల్లో నియమాలు వేరేగా ఉంటాయి, కొన్నిసార్లు పూర్తిగా తలకిందులవుతాయి. కాళ్ల ధమనులు మూసుకుపోయినవారిని పిక్కల్లో నొప్పి గట్టిగా వచ్చేదాకా నడిపించి, తగ్గేదాకా నిలబెట్టి, మళ్లీ నడిపిస్తారు. ఇక్కడ నొప్పి మోతాదులో భాగం. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధిలో వేలికి తొడిగిన ఆక్సిమీటరు చూపే రక్తంలోని ఆక్సిజన్ స్థాయి సాధారణంగా 88 శాతానికి దిగువకు పోకుండా చూస్తారు. ఎముకలు గుల్లబారినవారు వెన్నును బాగా ముందుకు వంచే వ్యాయామాలకు దూరంగా ఉండాలి. డయాలసిస్ రోగికి ఫిస్టులా, అంటే డయాలసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపిన చోటు, ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టకూడదు.

వ్యాయామాన్ని పెంచకూడని సందర్భం కూడా ఉంది. మయాల్జిక్ ఎన్‌సెఫలోమయలైటిస్, అంటే క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ ఉన్నవారిలో చిన్న శ్రమ తరువాత కూడా లక్షణాలు విషమించి రోజుల తరబడి ఉండిపోతాయి. వీరికి క్రమంగా వ్యాయామం పెంచే చికిత్సను ఇవ్వవద్దని ఇంగ్లండులో చికిత్సా మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2021లో స్పష్టం చేసింది. అంతకు ముందు, మీరు ప్రయత్నించడం లేదన్న మాట విన్న రోగులు ఎందరో ఉన్నారు. వ్యాయామాన్ని ఎంత ప్రేమించే విద్యార్థి అయినా ఈ పాఠాన్ని గౌరవంతో చదవాలి.

[తెరపై: 30 మీటర్ల పొడవైన నడవా, రెండు చివరలా రెండు కోన్‌లు.]

తరగతి గదిలో ఇదంతా చెప్పవచ్చు, కానీ చేయి తిరగడం నడవాలోనే జరుగుతుంది. ఆరు నిమిషాల నడక పరీక్షను చూడండి. రోగి ఈ రెండు కోన్‌ల మధ్య తనకు చేతనైనంత దూరం నడుస్తాడు. అలసిపోతే గోడకు ఆనుకుని నిలబడవచ్చు, కానీ గడియారం ఆగదు. పరీక్షకుడు నిమిషానికోసారి, నిర్ణయించిన మాటలనే, ఒకే స్వరంతో చెప్పాలి. ఉత్సాహంతో "ఇంకా వేగంగా, ఇంకా వేగంగా" అని అరిస్తే దూరం పెరుగుతుంది, ఫలితం పాడవుతుంది. మొదటిసారి కన్నా రెండోసారి, కేవలం పరిచయం వల్లనే, రోగి కొంచెం ఎక్కువ నడుస్తాడు కాబట్టి రెండుసార్లు చేయించి మెరుగైనదాన్ని నమోదు చేస్తారు. ఊపిరితిత్తుల వ్యాధి ఉన్నవారిలో దాదాపు 30 మీటర్ల తేడా వస్తేనే దాన్ని నిజమైన మార్పుగా లెక్కిస్తారు. ఇంత చిన్న పరీక్షలో ఇంత క్రమశిక్షణ ఉంటుంది.

అందుకే ఈ కోర్సుల్లో పర్యవేక్షణలో రోగులతో గడిపే గంటలకు అంత విలువ. 1954లో ఏర్పడిన అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ తన క్లినికల్ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్ట్ ధ్రువీకరణకు, ఈ విషయంలో మాస్టర్స్ డిగ్రీ ఉన్నవారి నుంచి 600 గంటల క్లినికల్ అనుభవాన్ని కోరుతుంది, బ్యాచిలర్స్ మాత్రమే ఉంటే 1,200 గంటలు. శ్రమ పెరుగుతుండగా బీపీ పెరగడానికి బదులు పడిపోతుంటే పరీక్షను ఆపాలని పుస్తకం చెబుతుంది. కానీ ట్రెడ్‌మిల్ చప్పుడు మధ్య స్టెతస్కోపులో ఆ పడిపోవడాన్ని పట్టుకోగల చెవి ఆ గంటల్లోనే తయారవుతుంది. రోగితో మాట్లాడే తీరు కూడా అక్కడే అలవడుతుంది. రోజంతా నిలబడి పనిచేసే మనిషి సాయంత్రం నడవలేనంటే వాదించకుండా, మరి ఏ సమయంలో ఒంట్లో ఓపిక ఉంటుందని అడగడం ఒక నైపుణ్యం.

[తెరపై: చీటీల కట్ట, ఎర్ర సిరాతో దిద్దిన గుర్తులు.]

మీరు ఈ శిక్షణలో చేరాలనుకుంటుంటే, సిలబస్‌లో ఎన్ని వ్యాధుల పేర్లు ఉన్నాయో లెక్కపెట్టడం కన్నా ఉపయోగపడే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఔషధశాస్త్రాన్ని విడి పాఠంగా ముగించేస్తారా, ప్రతి కేసులోనూ మందుల జాబితాను ముందు పెడతారా? ఆన్‌లైన్ కోర్సు అయితే ఈసీజీ, నడక పరీక్ష, శక్తి పరీక్షలు చేతితో ఎక్కడ చేయిస్తారు? గుండెజబ్బు రోగులనే కాకుండా క్యాన్సర్ చికిత్స ముగించినవారిని, డయాలసిస్‌పై ఉన్నవారిని, నాలుగు జబ్బులున్న వృద్ధులను కూడా చూసే అవకాశం ఉందా? మీరు పనిచేయాలనుకునే దేశంలో ఈ డిగ్రీకి గుర్తింపు ఏ సంస్థ ఇస్తుంది? ఇవన్నీ అడిగాక, మీరు రాసిన మొదటి యాభై చీటీలను, ఆ రోగిని స్వయంగా చూసిన అనుభవజ్ఞులెవరైనా మీ పక్కన కూర్చుని వరుసవరుసగా దిద్దుతారా అని కూడా అడగండి.